ఆడపడుచు కుర్చీ

ఏడేళ్ళుగా కళ్ళ చూడని కూతురి కోసం సిబిల్లె రాణి తన తమ్ముడి కోట గుమ్మంలో బండి దిగడం దగ్గర పోయినవారం ఆగాం. భర్త పోయాక ఎర్లెన్‌బాక్ అనే చిన్న రాజ్యాన్ని ఆమె ఒక్కతే ఏలుకొస్తోంది. సరిహద్దులో యుద్ధం రేగినప్పుడు, పిల్లను నా దగ్గరికి పంపు, భద్రంగా ఉంటుందని కబురు పెట్టి, తొమ్మిదేళ్ళ రెనాటెను తెప్పించుకున్నాడు తమ్ముడు ఎబర్‌హార్ట్ రాజు. యుద్ధం రెండేళ్ళలో ముగిసింది. పిల్ల తిరిగి రాలేదు. ఇప్పుడు పదహారు నిండిన ఆ మేనకోడల్ని, ఇద్దరు భార్యలను మట్టిలో పెట్టిన యాభై ఎనిమిదేళ్ళ లుడోల్ఫ్ ప్రభువుకు కట్టబెట్టి, బదులుగా నది ఒడ్డునున్న హోల్‌ఫుర్ట్ కోటను పుచ్చుకోవాలని రాజు ఎత్తు. ఆదివారం మధ్యాహ్నపు విందులో, తీపి పదార్థాలు వడ్డించే వేళకు సంబంధం చాటిస్తారని సిబిల్లెకు ముందే తెలిసింది. ఆ ఆదివారం రానే వచ్చింది.

ఉదయం అందరూ కోటలోని ప్రార్థన మందిరంలో కూర్చున్నారు. ఆ పూట ప్రసంగం వినయం గురించి. విందుకు వెళ్ళినవాడు చివరి చోటు వెతుక్కోవాలని పాదిరి చెబుతుంటే రాజు తలాడించాడు, లుడోల్ఫ్ ప్రభువు తలాడించాడు, మర్యాదల అధికారి రూప్రెక్ట్ అందరికన్నా ఎక్కువగా తలాడించాడు. సిబిల్లె కూడా చేతులు జోడించే వింది. కానీ చివరి చోటు తను తీసుకుంటే తన బిడ్డ ఎక్కడికి పోతుందో ఆ ప్రసంగంలో లేదు. దేవుణ్ణి అడగాల్సిన ప్రశ్నల్లో దాన్ని కూడా చేర్చుకుని ఆమె లేచింది.

ఆదివారాల్లో రాజు పదిమందీ చూస్తుండగా భోంచేస్తాడు. ఉతికిన బట్టలు తొడుక్కున్న ఎవరైనా పెద్ద చావడిలోకి వచ్చి, పట్టుతాడుకు అవతల నిలబడి, రాజుగారు ఏం తిన్నారో ఎంత తిన్నారో చూసి పోవచ్చు. ఆ రోజు రొట్టెల దుకాణం వాళ్ళావిడ ముందు వరసలోనే ఉంది. అక్కాతమ్ముళ్ళు ఇరవై ఏళ్ళ తరవాత ఒక బల్ల దగ్గర చేరుతున్నారని ఊరంతా పాకిపోయింది మరి.

బల్ల మధ్యలో రాజు చేతుల కుర్చీలో కూర్చున్నాడు. కుడివైపు మరో చేతుల కుర్చీలో లుడోల్ఫ్ ప్రభువు. ఆయన రాజ్యాన్ని గుర్రం మీద ఒక పూటలో చుట్టి రావచ్చు, కానీ ఏలిక ఏలికే. ఎడమవైపు, వీపు ఉండి చేతుల్లేని కుర్చీలో రెనాటె. ఆ కుర్చీ రాజుగారింటి ఆడపిల్లలది. దానికి కాస్త దూరంగా, నీలం మఖమలు దిండు వేసిన మెత్తపీట ఒకటి ఖాళీగా ఉంది. రూప్రెక్ట్ నడుము వంచి సిబిల్లెకు ఆ పీటే చూపించాడు.

బండిలో వస్తున్నప్పుడు ఆమె ముసలి మంత్రి వికెర్ట్ చెప్పింది ఒకటే మాట. "కత్తి చూపించినా బెదరకండమ్మా. చేతుల కుర్చీ తప్ప మరేది చూపించినా కూర్చోకండి." చేతుల కుర్చీలో కూర్చుంటే ఆమె సాటి ఏలిక. ఆమె బిడ్డ మరో రాజ్యపు బిడ్డ, ఎబర్‌హార్ట్‌కు ఆ పిల్ల మీద ఏ హక్కూ లేదు. మరే ఆసనం మీద కూర్చున్నా ఆమె ఆ ఇంటి ఆడపడుచే. ఆడపడుచు పిల్లల పెళ్ళిళ్ళు ఇంటి పెద్ద ఇష్టమని వాళ్ళ తాత రాసిపెట్టిన శాసనం. ఎవరు ఎక్కడ కూర్చున్నారో రూప్రెక్ట్ మర్యాదల పుస్తకంలో రాస్తాడు. అందులో రాసింది ఏ న్యాయస్థానమూ కొట్టెయ్యలేదు.

సిబిల్లె పీట పక్కన నిలబడిపోయింది.

సూపు వచ్చింది. రాజు తాగాడు. సూపు గిన్నెలు వెళ్ళిపోయాయి. మిరియాలు దట్టించిన చేప వచ్చింది. సిబిల్లె నిలబడే ఉంది. కిందటి చలికాలం మంచు మీద జారి పడ్డప్పటినుంచి ఆమె ఎడమ మోకాలు మాట వినదు. బరువంతా కుడికాలి మీద వేసి, ముఖం మాత్రం మామూలుగా పెట్టుకుంది.

పట్టుతాడు అవతల గుసగుసలు మొదలయ్యాయి. ఆవిడ ఎందుకు కూర్చోదని రొట్టెలావిడ అడిగితే, కాలు నొప్పేమో అంది పక్కనున్న చెప్పులు కుట్టే ఆయన పెళ్ళాం.

"కాలు నొప్పయితే కూర్చోవాలి కదే."

"అయితే పొగరు నొప్పి."

ఆ మాట బల్ల దాకా వినిపించింది. రాజు చేపముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టి నవ్వాడు.

"కూర్చో అక్కా. చల్లారిపోతోంది."

"నాకు కుర్చీ వెయ్యలేదు" అంది సిబిల్లె.

"పీట వేశారుగా."

"పీట వేశారు. కుర్చీ వెయ్యలేదు."

"చిన్నప్పుడు ఈ చావడిలోనే నేల మీద చతికిలబడి నా బొమ్మ సైనికుల కాళ్ళు విరగ్గొట్టేదానివి. అప్పుడు చేతుల కుర్చీ అడిగినట్టు గుర్తులేదు."

"అప్పుడు నువ్వు బొమ్మలతోనే ఆడేవాడివి ఎబర్‌హార్ట్. మనుషుల్ని పెట్టి ఆడేవాడివి కాదు."

లుడోల్ఫ్ ప్రభువుకు ఈ గొడవ ఆకలి చెడగొట్టలేదు. ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన బాతు తొడను చేత్తోనే పట్టుకుని, సిబిల్లెను పాదాల దగ్గర్నుంచి తల దాకా చూశాడు. తల్లి కాళ్ళు గట్టివేనని, ఇంతసేపు నిలబడటం మంచి లక్షణమని, కూతురికీ అవే కాళ్ళు వచ్చి ఉంటే తన మూడో పెళ్ళి మొదటి రెండిటికన్నా నిలబడుతుందని రాజుతో అన్నాడు. మెల్లగా అన్నాననే అనుకున్నాడు గాని ఆయన చెవుడు ఆయన గొంతును మోసం చేస్తుంది. రెనాటె పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది. ఆమె కుర్చీ వెనక నిలబడ్డ ముసలి అగాథె, పిల్ల భుజం మీద చెయ్యి వేసి తీసింది.

అగాథెను ఆ కోటలో ఎవరూ దాసి అనరు. అక్కాతమ్ముళ్ళిద్దరినీ పెంచింది ఆమే. సిబిల్లె కాన్పుకు రాజు తరఫున సాక్షిగా ఎర్లెన్‌బాక్ వెళ్ళిందీ ఆమే. ఈ ఏడేళ్ళూ రెనాటెకు జడ వేసి ప్రార్థనలు నేర్పిందీ ఆమే. అబద్ధమాడితే నాలుక మీద నిప్పు పెట్టుకున్నట్టేనని పిల్లలకు చెప్పేది, తనూ అలాగే బతికింది. డెబ్బై ఏళ్ళొచ్చాయి.

బాతు కూడా బల్ల మీంచి వెళ్ళిపోయింది. ఇక తీపి పదార్థాలే. సిబిల్లె మోకాలు వణకడం మొదలుపెట్టింది. పావడా కుచ్చిళ్ళు దాన్ని దాస్తున్నాయి గాని, తమ్ముడు తన ముఖం చూడకుండా కుచ్చిళ్ళ కేసే చూస్తున్నాడని ఆమె గమనించింది. చిన్నప్పటినుంచీ అంతే. ఎక్కడ నొప్పి ఉందో వాడికి చప్పున తెలిసిపోతుంది.

"నువ్వు కూర్చోకపోయినా నేను చెప్పేది చెప్తాను" అన్నాడు రాజు, గొంతు తగ్గించి. "ఒకప్పుడు నా చేతిరాత ఉత్తరం ఒకటి నీకిచ్చాను. గుర్తుందా?"

గుర్తుంది. ఆ ఉత్తరం ప్రార్థన మందిరంలో ఆర్గన్ వాయించేవాడి కూతురు లీజెకు అందాలి. ఎబర్‌హార్ట్‌కు అప్పుడు పద్దెనిమిది. సిబిల్లె దాన్ని తీసుకెళ్ళి తండ్రి చేతిలో పెట్టింది. తమ్ముడి మంచికేనని అనుకుంది. వారం తిరిగేలోగా ఆ కుటుంబాన్ని ఊరు దాటించారు. మంచి చేశానా చెడు చేశానా అని ఇరవై నాలుగేళ్ళుగా ప్రతి రాత్రీ ప్రార్థనలో అడుగుతూనే ఉంది. దేవుడు తొందరపడడు.

"అది తప్పే" అంది. "నా మీద కోపం నా మీదే తీర్చుకో. ఆ పిల్ల నీకేం చేసింది?"

"ఏం చెయ్యలేదు. లీజె నీకేం చేసింది?"

రాజు గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడే కుర్చీ జరిగిన చప్పుడైంది. రెనాటె లేచింది. రాజు లేవమనకుండా ఆ బల్ల దగ్గర ఎవరూ లేవరు. రూప్రెక్ట్ కలం గాల్లో ఆగిపోయింది. పిల్ల తన కుర్చీని రెండు చేతులతో ఎత్తలేక ఈడ్చుకుంటూ తెచ్చి తల్లి వెనక పెట్టింది.

"అమ్మా, నీ మోకాలు వణుకుతోంది" అంది. "కూర్చో."

మోచేతి కింద చెయ్యి వేసింది. ఏడేళ్ళ తరవాత తగిలిన చెయ్యి అది. వెళ్ళేటప్పుడు గుప్పిట్లో ఇమిడిన చెయ్యి, ఇప్పుడు తన చేతికన్నా పొడుగు. సిబిల్లెకు కాన్పు నాటి మంచం గుర్తొచ్చింది. బిడ్డ ఏడుపు వినడం, ఆ వెంటనే జ్వరం కమ్ముకోవడం. మూడు రోజులు ఒళ్ళు తెలియలేదు. నాలుగో రోజు పొద్దున కళ్ళు తెరిస్తే అగాథె బట్టల మూటలాంటి దాన్ని తెచ్చి పక్కలో పెట్టింది. ఆ మూటలోంచి ఒక చిన్న చెయ్యి ఇలాగే వచ్చి తన మోచేతికి తగిలింది. మొదటిసారి బిడ్డ ముఖం చూసింది అప్పుడే.

కూతురు తన కోసం తెచ్చిన కుర్చీ. సిబిల్లె కూర్చుంది.

ఒళ్ళంతా హాయి పాకింది. మోకాలు నొప్పి తగ్గిన హాయి ఒకటి, భుజం మీద కూతురి వేళ్ళు ఆనిన హాయి మరొకటి. అది ఎంతోసేపు లేదు. రూప్రెక్ట్ కలం కాగితం మీద గీకుతున్న చప్పుడు వినిపించింది. తలెత్తి చూస్తే వికెర్ట్ గోడవారగా కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. తమ్ముడు మాత్రం పుట్టినరోజు కానుక అందుకున్న పిల్లాడిలా చూస్తున్నాడు.

తను కూర్చున్నది చేతుల్లేని కుర్చీలో అని అప్పుడు తెలిసింది. ఈ ఇంటి ఆడపిల్ల కుర్చీలో.

"ఏం రాశావు రూప్రెక్ట్?" అని అడిగాడు రాజు. "పైకి చదువు. అందరూ విననీ."

రూప్రెక్ట్ చదివాడు. సిబిల్లె రాణి తన ఇష్టప్రకారం, ఎవరి బలవంతమూ లేకుండా, రాజుగారింటి ఆడపడుచు కుర్చీలో ఆసీనురాలయ్యారని.

రెనాటె చెయ్యి తల్లి భుజం మీంచి జారిపోయింది. ఆ కోటలో పెరిగిన పిల్ల. కుర్చీల లెక్కలు తల్లికన్నా ఆమెకే బాగా తెలుసు. తల్లి మోకాలు చూసి ఒక్క నిమిషం మరిచిపోయింది. ఆ నిమిషంలో తన మెడకు తనే ఉరి తెచ్చుకుంది.

"నేను చూడలేదు" అంది గొణుగుతున్నట్టుగా. "అమ్మా, నేను అది చూసుకోలేదు."

"నువ్వు చూడాల్సిందే చూశావు" అంది సిబిల్లె. మనుషులకన్నా కుర్చీలు మాట్లాడే ఇల్లు ఎక్కడైనా ఉంటుందా, ఉంటే అందులో ప్రార్థన మందిరం ఎందుకు అనిపించింది ఆమెకు.

ఇంతలో తేనె పోసిన బాదం రొట్టెలు, ద్రాక్షసారా వచ్చాయి. రాజు లేచాడు. సిబిల్లె తప్ప బల్ల దగ్గర అందరూ లేచారు. లుడోల్ఫ్ ప్రభువు చేతులు తుడుచుకుని, విగ్గు సర్దుకుని, పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

"మా ఆడపడుచు ఇరవై ఏళ్ళ తరవాత తన కుర్చీకి తిరిగొచ్చింది" అన్నాడు రాజు, పట్టుతాడు వైపు తిరిగి. "ఇంటి పెద్దగా నాకు సంతోషం. ఈ సంతోషంలోనే ఆమె కూతురు, నా మేనకోడలు, మా వంశపు రక్తం అయిన రెనాటెను లుడోల్ఫ్ ప్రభువుకు ఇవ్వడానికి..."

వంశపు రక్తం. ఆ మాట దగ్గర సిబిల్లె ఆలోచన చిక్కుకుంది. వాళ్ళ లోకంలో సాటి రక్తం కాని పిల్లను ఏలిక పెళ్ళాడితే ఆ పెళ్ళికి పుట్టినవాళ్ళకు సింహాసనం దక్కదు. వారసుడి కోసమే మూడో పెళ్ళికి దిగిన లుడోల్ఫ్, రక్తం లేని పిల్లకు కోట కాదు గదా కోడిగూడు కూడా ఇవ్వడు. రక్తం లేని పిల్లను తమ్ముడు ఈ కోటలో ఒక రోజు ఉంచుకోడు. వంతెన అవతలికి గెంటిస్తాడు. గెంటేసిన పిల్లను వంతెన అవతల ఏరుకోవచ్చు.

దానికి ఒక్క అబద్ధం చాలు. ఏ తల్లీ చెప్పకూడని అబద్ధం. పొద్దున దేవుడి ముందు మోకరిల్లిన మోకాళ్ళ మీదే ఆమె లేచి నిలబడింది.

"ఆ గ్లాసు దించు ఎబర్‌హార్ట్" అంది. "ఆ పిల్లలో మీ వంశపు రక్తం లేదు. ఆ పిల్లను నేను కనలేదు."

తాడు అవతల ఎవరో పిల్లాడు ఏడవబోతే వాళ్ళమ్మ నోరు మూసింది. లుడోల్ఫ్ ప్రభువుకు వినబడలేదు. పక్కనున్నవాడు చెవిలో అరిచి చెప్పాడు. ప్రభువు గ్లాసు బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, రెనాటె వైపు చూడటం మానేశాడు.

సిబిల్లె కూడా చూడలేదు. చూస్తే తను నిలబడలేదు. తన వెనక ఊపిరి ఆగిన చప్పుడు మాత్రం వినిపించింది. ఏడేళ్ళు తల్లి ఉత్తరాలను దిండు కింద పెట్టుకున్న పిల్ల ఊపిరి అది. బండిలో చెప్పుకోవచ్చు, అనుకుంది. వంతెన దాటాక, గుండెకు హత్తుకుని, అబద్ధమాడానని చెప్పుకోవచ్చు. క్షమిస్తుందో లేదో తరవాతి సంగతి.

రాజు ముఖంలో రంగు పోయి మళ్ళీ వచ్చింది.

"అయితే ఎవరు కన్నారు?"

"పేరు చెప్పను. నా బిడ్డ పురిట్లో పోయింది. వంశం నిలవాలని ఒక పేదరాలి బిడ్డను తెచ్చుకున్నాను."

"సిగ్గు లేకుండా చెబుతున్నావు."

"సిగ్గు పడాల్సింది ఈ బల్ల దగ్గర నేనొక్కదాన్నే కాదు."

"నువ్వు మరిచిపోయావు అక్కా" అన్నాడు రాజు. అక్కా అన్న మాటను ఉమ్మినట్టుగా అన్నాడు. "ఏలికల ఇళ్ళలో బిడ్డలు చాటుగా పుట్టరు. నీ పురిటి గదిలో నా సాక్షి ఉంది. ఆ సాక్షి ఇక్కడే ఉంది." చెయ్యి చాచి పాదిరికి సైగ చేశాడు. ప్రార్థన మందిరం నుంచి పరిశుద్ధ గ్రంథం తెప్పించాడు. బాదం రొట్టెల పళ్ళెం పక్కకు నెట్టి, దాన్ని బల్ల మీద పెట్టించాడు. "అగాథె. ముందుకు రా."

ఆ ముసలామె ప్రాణం పోయినా అబద్ధమాడదు. నిజం చెబితే సిబిల్లె పదిమందిలో కన్నకూతుర్ని కాదన్న తల్లి అవుతుంది, పిల్ల ఆ ముసలివాడి ఇంటికి పోతుంది. రెండూ ఒకేసారి జరిగిపోతాయి. అగాథె కళ్ళలోకి చూసి, నోరు కదపకుండా బతిమాలింది. పెంచిన చేతులు కదా, ఒక్కసారికి నాలుక కాల్చుకోలేవా అని. అలా అడగడం ఇంకొకరి ఆత్మను అడగడమేనని తెలిసి కూడా అడిగింది.

అగాథె నెమ్మదిగా వచ్చింది. బల్ల దగ్గర ఆగి, చేతి తొడుగు విప్పి మడిచి జేబులో పెట్టుకుంది. ముడతలు పడ్డ అరచెయ్యి గ్రంథం మీద ఆనించింది.

"చెప్పు" అన్నాడు రాజు. "నా అక్క ఆ రోజు బిడ్డను కనలేదా?"

"కన్నది ప్రభూ. నా ఈ రెండు చేతుల్తోనే అందుకున్నాను. ఆడపిల్ల."

రాజు గ్లాసు మళ్ళీ ఎత్తాడు. లుడోల్ఫ్ చెవి దగ్గర అరిచేవాడు అరవడానికి వంగాడు. రెనాటె ఒక్క అడుగు తల్లి వైపు వేసింది.

"ఇంకా అయిపోలేదు ప్రభూ" అంది అగాథె. "మీరు అడిగింది ఆ రోజు పుట్టిన బిడ్డ గురించి. ఈ పిల్ల గురించి అడగలేదు."

"రెండూ ఒకటేగా."

అగాథె అరచెయ్యి గ్రంథం మీంచి తియ్యలేదు. పదహారేళ్ళుగా మోసిన బరువు దించుకునేదానిలా ఒకసారి ఊపిరి పీల్చుకుని, రాజు వైపు కాకుండా సిబిల్లె వైపు తిరిగింది.

"ఆ మూడు రోజులు నీకు ఒళ్ళు తెలియదు తల్లీ" అంది. "ఇప్పుడు నువ్వు అబద్ధం చెప్పాననుకుంటున్నావు."